కోడ్ రన్ అయితే ప్రాజెక్ట్ సక్సెస్ అయినట్టేనా?.. శ్రీహరికోట నేర్పిన పాఠం.. విద్యార్థులు ముందే రాసుకోవాల్సిన లెక్క ఇదే!

తిరుపతి: ప్రాజెక్ట్ సబ్మిషన్ డేట్ దగ్గరపడుతోందంటే చాలు.. ప్లస్ టూ కంప్యూటర్ సైన్స్ విద్యార్థి అయినా, బీటెక్ ఫైనల్ ఇయర్ విద్యార్థి అయినా చెప్పే మాట ఒక్కటే. "ప్రోగ్రామ్ రన్ అవుతోంది.. అవుట్‌పుట్ వచ్చేసింది.. ఇక రిపోర్ట్ ప్రింట్ తీయడమే". కానీ వైవాలో ఎగ్జామినర్ ఒక్క ప్రశ్న అడిగితే చాలామంది నోట మాట రాదు. "నీ ప్రాజెక్ట్ సక్సెస్ అయిందని నువ్వు ఎలా చెప్పగలవు?".

ఈ ప్రశ్నకు జవాబు ప్రాజెక్ట్ చివర్లో వెతికితే దొరకదు. మొదటి రోజే, కోడ్‌లో ఒక్క లైన్ కూడా రాయకముందే కాగితం మీద పెట్టుకోవాలి. దీన్నే సక్సెస్ క్రైటీరియా అంటారు. తేలిక మాటల్లో చెప్పాలంటే.. "ఈ ప్రోగ్రామ్ ఏమేం చేస్తే గెలిచినట్టు?" అనే దానికి ముందే రాసుకున్న కొలతలు. అసలు ఇవి ఎందుకు? ఎలా రాయాలి? చివర్లో వాటితో ప్రాజెక్ట్‌ను ఎలా తూకం వేయాలి? తిరుపతి జిల్లాలోనే జరిగిన ఒక పెద్ద ఉదాహరణతో మొదలుపెడితే విషయం సులువుగా అర్థమవుతుంది.

ఆ రోజు శ్రీహరికోటలో ఏం జరిగింది?

2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగాక శ్రీహరికోట తిరుపతి జిల్లా పరిధిలోకి వచ్చింది. ఆ తర్వాత నాలుగు నెలలకే.. 2022 ఆగస్టు 7న ఇస్రో తన కొత్త చిన్న రాకెట్ ఎస్ఎస్ఎల్‌వీని అక్కడి సతీష్ ధవన్ స్పేస్ సెంటర్ నుంచి మొదటిసారి ప్రయోగించింది. అందులో ఇస్రో ఉపగ్రహంతో పాటు ఆజాదీశాట్ అనే సుమారు 8 కిలోల చిన్న ఉపగ్రహం కూడా ఉంది. దేశవ్యాప్తంగా 75 ప్రభుత్వ పాఠశాలలకు చెందిన 750 మంది అమ్మాయిలు చేతులేసిన ప్రాజెక్ట్ అది. ఒక్కోటి సుమారు 50 గ్రాముల బరువుండే 75 పరికరాలను అందులో పెట్టారు. చెన్నైకి చెందిన స్పేస్ కిడ్జ్ ఇండియా విద్యార్థి బృందం వాటన్నింటినీ ఒక్కటిగా కూర్చింది.

రాకెట్ లేచింది. ఘన ఇంధనంతో నడిచే మూడు దశలూ అనుకున్నట్టే పనిచేశాయి. చివర్లో మాత్రం కథ అడ్డం తిరిగింది. భూమి చుట్టూ 356 కిలోమీటర్ల ఎత్తులో గుండ్రంగా తిరగాల్సిన ఉపగ్రహాలు 356 × 76 కిలోమీటర్ల కోడిగుడ్డు ఆకారపు కక్ష్యలో పడ్డాయి. భూమికి 76 కిలోమీటర్ల దగ్గరికి వస్తే అక్కడి గాలి రాపిడికి ఉపగ్రహం నిలవదు. అవి ఇక ఉపయోగపడవని ఇస్రో అదే రోజు ప్రకటించింది.

తప్పు ఇంజిన్‌ది కాదు.. లాజిక్‌ది!

ప్రోగ్రామింగ్ నేర్చుకునే ప్రతి విద్యార్థీ ఆగి చూడాల్సింది ఇక్కడే. రెండో దశ విడిపోయేటప్పుడు చాలా స్వల్ప సమయం పాటు అనుకున్నదానికంటే ఎక్కువ కుదుపు వచ్చింది. దాంతో వేగంలో మార్పును కొలిచే సెన్సర్ల రీడింగులు హద్దు దాటాయి. సెన్సర్ చెడిపోతే కనిపెట్టడానికి రాసిన లాజిక్ ఆ రీడింగులు చూసి, "సెన్సర్లు పాడయ్యాయి" అని తేల్చేసింది. నిజానికి అవి పాడవలేదు. క్షణకాలం కుదుపుకు లోనయ్యాయి, అంతే. కానీ రాకెట్ కంప్యూటర్ ఆ తీర్పునే నమ్మి అత్యవసర మోడ్‌లోకి వెళ్లిపోయింది. చివర్లో వేగాన్ని సరిచేయాల్సిన చిన్న ఇంజిన్ మండనే లేదు.

అంటే కోడ్ క్రాష్ కాలేదు. ఎర్రర్ రాలేదు. రాసింది రాసినట్టే నడిచింది. అయినా ఫలితం రాలేదు. "రన్ అయింది" అనే మాటకూ "పని నెరవేరింది" అనే మాటకూ మధ్య ఉన్న తేడా ఇదే.

మరి 750 మంది అమ్మాయిల ప్రాజెక్ట్ ఫెయిల్ అయినట్టా?

కాదు. అలాగని సక్సెస్ అయిందనీ అనలేం. కక్ష్యలో నిలిచి పనిచేయడమే దాని అసలు పరీక్ష. ఆ పరీక్ష రాసే అవకాశమే దానికి రాలేదు. కాబట్టి నిజాయితీగా రాయాల్సిన మాట "పరీక్షించడం కుదరలేదు". విద్యార్థుల రిపోర్టుల్లో సాధారణంగా కనిపించే మాటలు రెండే. "సక్సెస్‌ఫుల్‌గా పూర్తయింది" లేదా "సమయం సరిపోలేదు". కానీ ఏ కొలతకైనా నాలుగు ఫలితాలు ఉంటాయి. నెరవేరింది. కొంత నెరవేరింది. నెరవేరలేదు. పరీక్షించలేదు. ఈ నాలుగింటినీ విడదీసి చెప్పగలిగినవాడికే తన ప్రాజెక్ట్ తనకు అర్థమైందని లెక్క.

ఆ తర్వాత జరిగింది ఇంకా ముఖ్యం. ఇస్రో కమిటీ వేసి కారణం తేల్చింది. దశలు విడిపోయే పద్ధతి మార్చారు. సెన్సర్ చెడిపోయిందా లేదా అని తేల్చే లాజిక్‌ను సరిదిద్దారు. ఆరు నెలలు తిరిగాక, 2023 ఫిబ్రవరి 10న, అదే శ్రీహరికోట నుంచి ఎస్ఎస్ఎల్‌వీ-డీ2 లేచింది. ఈసారి 450 కిలోమీటర్ల కక్ష్యలో ఉపగ్రహాలను పెట్టింది. వాటిలో అమ్మాయిల రెండో ఉపగ్రహం ఆజాదీశాట్-2 కూడా ఉంది. మొదటిసారి ఏది, ఎక్కడ తప్పిందో కొలతలతో సహా రాసి ఉంది కాబట్టే రెండోసారి ఏం మార్చాలో తెలిసింది.

కొలతలు ఎలా ఉండాలి?.. చంద్రయాన్-3 చూస్తే చాలు

2023 జులై 14న శ్రీహరికోట నుంచే బయల్దేరిన చంద్రయాన్-3కి ఇస్రో పెట్టుకున్న లక్ష్యాలు మూడే మూడు. ఒకటి, చంద్రుడి మీద సురక్షితంగా, మెత్తగా దిగడం. రెండు, రోవర్‌ను అక్కడ నడిపించి చూపడం. మూడు, అక్కడే శాస్త్రీయ ప్రయోగాలు చేయడం. ఆగస్టు 23న ల్యాండర్ దిగింది. మూడు రోజుల తర్వాత ఇస్రో ఇచ్చిన అప్‌డేట్‌లో మొదటి రెండు లక్ష్యాలు నెరవేరాయని, మూడోది ఇంకా జరుగుతోందని విడివిడిగా చెప్పింది. దేశమంతా సంబరాల్లో ఉన్న సమయంలో కూడా "అంతా అయిపోయింది" అనలేదు. ప్రాజెక్ట్ మూల్యాంకనం రాయాల్సింది కూడా సరిగ్గా ఇలాగే.

ఇంకో విషయం. చంద్రయాన్-2 ల్యాండర్ 2019 సెప్టెంబర్‌లో కూలిపోయిన తర్వాత డిజైన్ ఆలోచననే మార్చామని అప్పటి ఇస్రో చైర్మన్ ఎస్.సోమనాథ్ వివరించారు. ఏమేం సరిగ్గా జరగాలి అనే వైపు నుంచి కాకుండా, ఏమేం చెడిపోవచ్చు, అప్పుడు కూడా ఎలా దిగాలి అనే వైపు నుంచి చంద్రయాన్-3ని తయారు చేశారు. దిగాల్సిన చోటును 500 మీటర్ల చదరం నుంచి సుమారు 4 కిలోమీటర్ల పొడవు, 2.4 కిలోమీటర్ల వెడల్పుకు పెంచారు. విద్యార్థి ప్రాజెక్ట్‌కు కూడా ఇదే సూత్రం. యూజర్ అన్నీ సరిగ్గా కొడతాడనుకుని రాసిన ప్రోగ్రామ్ వేరు. తప్పు కొడతాడు, కరెంట్ పోతుంది అనుకుని రాసిన ప్రోగ్రామ్ వేరు.

సీబీఎస్ఈ ఏం చెబుతోంది?

సీబీఎస్ఈ 12వ తరగతి కంప్యూటర్ సైన్స్‌లో థియరీకి 70, ప్రాక్టికల్స్‌కు 30 మార్కులు. ఆ 30లో ల్యాబ్ టెస్ట్‌కు 12, రిపోర్ట్ ఫైల్‌కు 7, ప్రాజెక్ట్‌కు 8, వైవాకు 3. ప్రాజెక్ట్‌ను ఇద్దరు ముగ్గురు కలిసి చేయాలని, గడువుకు కనీసం 6 నెలల ముందే మొదలుపెట్టాలని సిలబస్ చెబుతోంది. అంతేకాదు.. దగ్గర్లోని వ్యాపారుల దగ్గరికి వెళ్లి వాళ్ల కష్టాలేంటో అడిగి, వాటిలో ఒకదానికి పరిష్కారం చేయమని సలహా ఇస్తోంది. చాలామంది చదవని భాగం ఇదే. ఫలితంగా ఏటా అదే లైబ్రరీ మేనేజ్‌మెంట్, అదే స్టూడెంట్ మార్క్స్ ప్రోగ్రామ్.

ఇతర దేశాల్లో మూల్యాంకనానికి ఎంత బరువు ఇస్తారో కూడా చూడొచ్చు. బ్రిటన్‌లో ఓసీఆర్ బోర్డు ఏ-లెవెల్ ప్రోగ్రామింగ్ ప్రాజెక్ట్‌కు మొత్తం 70 మార్కులు. సమస్య విశ్లేషణకు 10, డిజైన్‌కు 15, తయారీకి 25, మూల్యాంకనానికి 20. కోడ్ ఎంత బాగున్నా, అది అనుకున్నది సాధించిందో లేదో రుజువుతో చెప్పకపోతే నాలుగో వంతు కంటే ఎక్కువ మార్కులు చేజారినట్టే.

చిత్తూరు పల్లెలో ఒక పాల కేంద్రం.. అక్కడ ఒక ప్రాజెక్ట్

ఇప్పుడు మన ప్రాంతానికి సరిపోయే ఒక ఉదాహరణ తీసుకుందాం. చిత్తూరు వైపు ఏ ఊరికెళ్లినా పాల సేకరణ కేంద్రం కనిపిస్తుంది. పొద్దున ఒక పూట, సాయంత్రం ఒక పూట రైతులు పాలు తెచ్చి పోస్తారు. లీటర్లు, వెన్న శాతం చూసి రేటు కట్టి రిజిస్టర్‌లో రాస్తారు. కొన్ని రోజులకోసారి లెక్క కట్టి డబ్బులిస్తారు. ఇద్దరు విద్యార్థులు ఈ లెక్కలకు పైథాన్‌లో ప్రోగ్రామ్ రాయాలనుకున్నారని అనుకుందాం.

కోడ్ మొదలుపెట్టే ముందు వాళ్లు చేయాల్సిన పని.. ఒక పూట అక్కడే నిలబడి చూడటం, అడగడం. "అన్నా, పూటకు ఎంతమంది వస్తారు? ఒక్కొక్కరికీ ఎంత సేపు పడుతుంది? ఎక్కువగా గొడవ ఎక్కడ వస్తుంది?". ఈ మూడు ప్రశ్నలకు వచ్చే జవాబులు ఇంట్లో కూర్చుని గంటలు ఆలోచించినా రావు.

ఉదాహరణకు, ఒకే రైతు పేరు ఒకే పూట రెండుసార్లు పడితే అది తప్పు ఎంట్రీ అని విద్యార్థి అనుకుంటాడు. ప్రోగ్రామ్‌లో దాన్ని ఆపేస్తాడు. కానీ ఒకే ఇంటి నుంచి ఆవు పాలు ఒక క్యాన్‌లో, ఎనుము పాలు ఇంకో క్యాన్‌లో వస్తే? రెండింటికీ వెన్న వేరు, రేటు వేరు. రెండు ఎంట్రీలూ సరైనవే. అడగకుండా రాసిన ప్రోగ్రామ్ ఆ రైతు రెండో క్యాన్ డబ్బులు ఎగ్గొట్టినట్టే!

మంచి క్రైటీరియా.. చెడ్డ క్రైటీరియా

"ప్రోగ్రామ్ యూజర్ ఫ్రెండ్లీగా ఉండాలి", "వేగంగా పనిచేయాలి", "కచ్చితంగా ఉండాలి". రిపోర్టుల్లో తరచూ కనిపించే వాక్యాలివి. వినడానికి బాగుంటాయి. కానీ వీటిని ఎవరూ కొలవలేరు. కొలవలేని దాన్ని గెలిచామని చెప్పలేం, ఓడామనీ చెప్పలేం. పాల కేంద్రం ప్రాజెక్ట్‌కు కొలవగలిగేలా రాస్తే ఇలా ఉంటుంది.

1. పాత రిజిస్టర్ నుంచి తీసుకున్న 200 ఎంట్రీలను ప్రోగ్రామ్‌లో వేస్తే, ప్రతి రైతుకూ వచ్చే మొత్తం చేత్తో కట్టిన సరైన లెక్కతో పైసా తేడా లేకుండా సరిపోవాలి.

2. కేంద్రం నడిపే వ్యక్తి పది నిమిషాలు నేర్చుకున్నాక, వరుసగా 10 మంది రైతుల వివరాలు సగటున ఒక్కొక్కరికి 20 సెకన్లలోపు ఎక్కించగలగాలి.

3. వెన్న 4.5 బదులు పొరపాటున 45 కొడితే ప్రోగ్రామ్ తీసుకోకూడదు. ఎందుకు తీసుకోలేదో తెలుగులో చెప్పాలి.

4. ఒకే రైతు పేరు ఒకే పూట రెండోసారి వస్తే ఆపకూడదు. "ఆవా, ఎనుమా?" అని అడిగి తీసుకోవాలి.

5. మధ్యలో కరెంట్ పోయి కంప్యూటర్ ఆగిపోయినా, అప్పటిదాకా సేవ్ కొట్టిన ఒక్క ఎంట్రీ కూడా పోకూడదు.

6. ప్రింట్ చీటీని ఐదుగురు రైతులకు ఇస్తే, ఎవరూ వివరించకుండానే తమకు రావాల్సిన మొత్తం ఎంతో కనీసం నలుగురు చెప్పగలగాలి.

ఇందులో 20 సెకన్లు, ఐదుగురిలో నలుగురు అనే అంకెలు ఆకాశం నుంచి ఊడిపడకూడదు. ఇప్పుడు చేత్తో రాయడానికి ఎంత సేపు పడుతోందో గడియారం పెట్టి చూసి, దానికంటే ఆలస్యం కాకుండా అంకె పెట్టుకోవాలి. ఐదారు క్రైటీరియా చాలు. ఇరవై రాసి పదిహేను వదిలేయడం కంటే ఆరు రాసి ఆరింటినీ పరీక్షించడం మేలు.

పైసా దగ్గర పొంచి ఉన్న చిక్కు

మొదటి క్రైటీరియాలో "పైసా తేడా లేకుండా" అని రాసుకోవడం వల్లే బయటపడే ఒక సమస్య ఉంది. పైథాన్‌లో 0.1, 0.2 కలిపితే 0.3 రాదు. 0.30000000000000004 వస్తుంది. కంప్యూటర్ దశాంశాలను రెండు అంకెల పద్ధతిలో దాచుకోవడం వల్ల వచ్చే తేడా ఇది. ఒక్క ఎంట్రీలో కంటికి కనిపించదు. నెల లెక్కల్లో అక్కడక్కడా పైసా పైసా తేడా వస్తే మాత్రం రైతు ఊరుకోడు.

ఇంకోటి చూడండి. 6.5 లీటర్లు, లీటరు 42 రూపాయల 35 పైసలు అనుకుంటే మొత్తం 275.275. ఇది 27 పైసలా, 28 పైసలా? పైథాన్ రౌండ్ ఫంక్షన్‌కు 2.5 ఇస్తే 3 ఇవ్వదు, 2 ఇస్తుంది. 3.5 ఇస్తే 4 ఇస్తుంది. సరిగ్గా సగం దగ్గర అది దగ్గర్లోని సరి సంఖ్య వైపు వెళ్తుంది. స్కూల్లో నేర్చుకున్న పద్ధతి అది కాదు. కాబట్టి కేంద్రంలో ఏ పద్ధతి పాటిస్తున్నారో ముందే అడగాలి. లెక్కలను పైసల్లో పూర్ణాంకాలుగా దాచుకోవడమో, పైథాన్‌లో ఉన్న డెసిమల్ మాడ్యూల్ వాడటమో చేయాలి. "కచ్చితంగా ఉండాలి" అని మాత్రమే రాసుకున్న విద్యార్థి ఈ చిక్కు ఉందని కూడా గమనించడు.

టెస్టింగ్ అంటే నచ్చిన నంబర్ కొట్టి చూడటం కాదు

ఆరు లీటర్లు, వెన్న నాలుగు.. అని కొట్టి జవాబు రాగానే టెస్టింగ్ అయిపోయిందనుకుంటారు. నిజానికి ప్రతి క్రైటీరియాకూ నాలుగు రకాల పరీక్షలు పెట్టాలి.

మామూలు ఎంట్రీలు: రోజూ వచ్చేలాంటివి.

హద్దు ఎంట్రీలు: రేటు పట్టికలో అతి తక్కువ వెన్న, అతి ఎక్కువ వెన్న దగ్గర ఏమవుతుంది? హద్దుకు ఒక్క పాయింట్ ఇవతల, ఒక్క పాయింట్ అవతల ఏమవుతుంది? తప్పులు ఎక్కువగా దాక్కునే చోటు ఇదే.

తప్పు ఎంట్రీలు: లీటర్ల దగ్గర పేరు కొడితే? మైనస్ కొడితే? ఏమీ కొట్టకుండా ఎంటర్ నొక్కితే?

చెడిపోయే సందర్భాలు: ప్రోగ్రామ్ నడుస్తుండగానే ప్లగ్ పీకేస్తే? ల్యాప్‌టాప్‌లో ప్లగ్ పీకినా బ్యాటరీ మీద నడుస్తుంది కాబట్టి, ప్రోగ్రామ్‌ను మధ్యలో బలవంతంగా మూసేసి చూడాలి. ఫైల్ డిలీట్ అయితే? ప్రింటర్‌లో పేపర్ అయిపోతే?

ఎస్ఎస్ఎల్‌వీ లాజిక్ తడబడింది ఈ నాలుగో రకం దగ్గరే. సెన్సర్ చెడిపోతే ఏం చేయాలో అందులో రాసి ఉంది. చెడిపోకుండానే చెడిపోయినట్టు కనిపించే సందర్భానికి అది సరిపోలేదు.

ఈ పరీక్షలన్నీ చివరి వారం కోసం దాచుకోకూడదు. ఎంట్రీ తీసుకునే భాగం రాయగానే దాన్ని పరీక్షించాలి. అది నెగ్గాకే లెక్క కట్టే భాగం. అదీ నెగ్గాక చీటీ. ఏ తేదీన ఏ పరీక్ష చేశారు, ఏమొచ్చింది, ఏం మార్చారు అనేది ఒక నోట్‌బుక్‌లో ఎప్పటికప్పుడు రాసుకుంటే చివర్లో రిపోర్ట్ దానంతట అదే తయారవుతుంది. అంతా అయ్యాక గుర్తు తెచ్చుకుని రాయడమంటే చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

మూల్యాంకనం ఇలా రాయాలి

చివరి అధ్యాయంలో "ఈ ప్రాజెక్ట్ వల్ల మేం చాలా నేర్చుకున్నాం" అని రాయడం మూల్యాంకనం కాదు. మొదట రాసుకున్న ఆరు క్రైటీరియాను అదే వరుసలో మళ్లీ తీసుకోవాలి. ఒక్కోదాని ఎదురుగా మూడు విషయాలు రాయాలి. ఫలితం ఏంటి? రుజువేంటి? తేడా వస్తే కారణమేంటి?

పాల కేంద్రం ప్రాజెక్ట్‌లో ఇలా వచ్చిందనుకుందాం. 200 ఎంట్రీల్లో 197 సరిపోయాయి, 3 సరిపోలేదు. అప్పుడు "98.5 శాతం కచ్చితత్వం సాధించాం" అని గర్వంగా రాసుకోవాలనిపిస్తుంది. కానీ క్రైటీరియా "పైసా తేడా లేకుండా" అని ఉంది. కాబట్టి ఇది "కొంత నెరవేరింది" మాత్రమే. ఇక్కడ ఆగకుండా ఆ మూడింటినీ క్యాలిక్యులేటర్‌తో మళ్లీ కట్టి చూడాలి. రెండింట్లో ప్రోగ్రామ్ రౌండింగ్ తప్పు, ఒకదాంట్లో పాత రిజిస్టర్‌లోనే కూడిక తప్పు అని తేలొచ్చు. అదీ రాయాలి. ఎగ్జామినర్‌కు 200కు 200 వచ్చాయనే మాట కంటే ఆ మూడు ఎంట్రీల కథే ఎక్కువ నమ్మకం కలిగిస్తుంది.

వేగం లక్ష్యం 20 సెకన్లు. పట్టింది 31 సెకన్లు. నెరవేరలేదు. ఎందుకు? ప్రతిసారీ రైతు పేరు మొత్తం టైప్ చేయాల్సి వస్తోంది. రైతుకు ఒక నంబర్ ఇస్తే తగ్గుతుంది. ఇదే "తర్వాత చేయాల్సిన మార్పులు" అనే భాగం. "భవిష్యత్తులో మొబైల్ యాప్ చేస్తాం, ఏఐ కలుపుతాం" అని గాల్లో రాసే దానికంటే ఈ ఒక్క వాక్యం విలువైనది. అది కొలతలోంచి పుట్టింది కాబట్టి.

చీటీని చూపించడానికి ఐదుగురు రైతులు దొరకలేదనుకోండి. "పరీక్షించలేదు" అని రాయాలి. నెరవేరిందని రాయకూడదు. ఇంకో మాట.. ఫలితం చూశాక క్రైటీరియాను వెనక్కి వెళ్లి మార్చకూడదు. 31 సెకన్లు వచ్చింది కదా అని లక్ష్యాన్ని 35 చేస్తే, బాణం వేసిన తర్వాత దాని చుట్టూ గిరి గీసినట్టు ఉంటుంది. మధ్యలో నిజంగానే మార్చాల్సి వస్తే.. ఏ తేదీన, ఎందుకు మార్చారో రాసి, పాతదాన్ని కూడా అలాగే ఉంచాలి.

రెడీమేడ్ ప్రాజెక్ట్ కొంటే పోయేదేంటి?

పట్టణాల్లో డబ్బులిస్తే ప్రాజెక్ట్, రిపోర్ట్, పీపీటీ అన్నీ కలిపి చేతిలో పెట్టే చోట్లున్నాయి. ఇప్పుడు ఏఐ టూల్స్‌ను అడిగితే నిమిషాల్లో కోడ్ వచ్చేస్తోంది. చాలామంది తల్లిదండ్రులకు కూడా ఇది మామూలు విషయమైపోయింది. కానీ విద్యార్థి కోల్పోయేది మార్కులు మాత్రమే కాదు. క్యాంపస్ ఇంటర్వ్యూలో "నీ ప్రాజెక్ట్ గురించి చెప్పు" అన్నది తరచూ ఎదురయ్యే ప్రశ్న. "ఇది ఎందుకిలా చేశావు? ఏది పనిచేయలేదు?" అనే రెండో ప్రశ్నకే కొన్న ప్రాజెక్ట్ బండారం బయటపడుతుంది. కాపీ ప్రాజెక్టుల విషయంలో విద్యార్థులను హెచ్చరించాలని సీబీఎస్ఈ సిలబస్ కూడా టీచర్లకు చెబుతోంది.

కాలేజీ అనుమతిస్తే ఏఐ సాయం తీసుకోవచ్చు. తీసుకున్నప్పుడు ఆ విషయం రిపోర్ట్‌లో చెప్పాలి. అయితే కోడ్ ఎవరు రాసినా, అది సరైనదేనని తేల్చాల్సింది విద్యార్థే. ఆవు పాలు, ఎనుము పాలు వేరువేరుగా వస్తాయన్న సంగతి ఆ కేంద్రం దగ్గర నిలబడి అడిగినవాడికే తెలుస్తుంది. ఆ ఆరు కొలతలు రాయడం, వాటితో తూకం వేయడం.. ఈ రెండు పనులూ చేసినవాడికి ప్రాజెక్ట్ తనదే అవుతుంది.

టీచర్లు, తల్లిదండ్రులు అడగాల్సిన నాలుగు ప్రశ్నలు

కోడింగ్ రాకపోయినా ఈ ప్రశ్నలు అడగొచ్చు. "ఇది ఎవరి కోసం చేస్తున్నావు? వాళ్లతో మాట్లాడావా?" "ఏం జరిగితే గెలిచినట్టని రాసుకున్నావు? ఆ కాగితం ఏది?" "ఏది చెడిపోతే ఏమవుతుందో పరీక్షించావా?" "ఏది నెరవేరలేదు?". నాలుగో ప్రశ్నకు "అన్నీ నెరవేరాయి" అనే జవాబు వెంటనే వచ్చిందంటే.. పరీక్షలు సరిగ్గా పెట్టారో లేదో మరోసారి చూడాల్సిందే.

ప్రాజెక్ట్ ఇంకా మొదలుపెట్టని విద్యార్థులు ల్యాప్‌టాప్ తెరవడానికి ముందు ఒక తెల్ల కాగితం తీసుకుంటే చాలు. పైన తేదీ వేయాలి. కింద ఐదారు వాక్యాలు రాయాలి. ప్రతి వాక్యంలో ఒక అంకె గానీ, అవును-కాదు అని తేలే విషయం గానీ ఉండాలి. ఎవరి కోసం చేస్తున్నారో ఆ మనిషికి చూపించి, "అన్నా, ఇవి జరిగితే నీకు పనికొస్తుందా?" అని అడగాలి. ఆయన తల ఊపాకే కోడ్ మొదలుపెట్టాలి.